ఎండాకాలం నిదానంగా, తెరకు దూరంగా: పాలమూరు, నల్లగొండ ఇళ్ళకు ఒక సమగ్ర మార్గదర్శి

పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ ప్రాంతాల్లో మే నెల వచ్చిందంటే పగటి ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది, కొన్ని రోజులు దాన్నీ దాటుతుంది. ఉదయం పదకొండు నుండి సాయంత్రం నాలుగింటి దాకా బజార్లు పలుచబడతాయి, పొలం పనులు ఆగుతాయి, ఉపాధి హామీ కూలీలు సైతం పొద్దున్నే పని ముగించుకొని ఇళ్ళకు చేరతారు. అంటే నిదానించడానికి కావలసిన సమయాన్ని ఇక్కడ ఎండే ఇస్తున్నది. చిక్కు ఎక్కడంటే, ఒకప్పుడు కునుకుకూ, ముచ్చటకూ, చేతిపనికీ, గచ్చు మీది ఆటకూ పోయిన ఆ ఐదు గంటలు ఇప్పుడు దాదాపుగా ఫోనుకే పోతున్నాయి. బయటకు పోలేని పిల్లవాడికీ, కూలరు ముందు కూర్చున్న పెద్దమనిషికీ చేతికందేది అదొక్కటే అయినప్పుడు తప్పంతా వారిదే అనడం న్యాయం కాదు. తెరకు దూరంగా ఉండాలన్న సంకల్పం ఎంత గట్టిదైనా, మధ్యాహ్నపు ఆ ఐదు గంటలకు ముందుగా ఏర్పాటు చేసుకోకపోతే రెండో రోజుకే జారిపోతుంది. కింది అడుగులన్నీ ఆ గంటల చుట్టూనే అల్లినవి.

మొదటి అడుగు: రోజులను ఎంచుకోవడం

తెలంగాణలో బడులకు వేసవి సెలవులు సాధారణంగా ఏప్రిల్ 24 ప్రాంతంలో మొదలై జూన్ 11తో ముగుస్తాయి. జూన్ 12న బడులు తెరుస్తారు. ఈ ఏడు వారాలూ విరామానికి ఒకే విధంగా అనువైనవి కావు. ఏప్రిల్ నెలంతా ఇంటర్, పదో తరగతి ఫలితాల ఎదురుచూపు ఉంటుంది, ఆ వెంటనే ఎప్‌సెట్ హడావుడి. రైతు కుటుంబమైతే యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో తూకమై, లారీ కదిలి, డబ్బులు ఖాతాలో పడేదాకా ఫోనును పక్కన పెట్టమనడం అర్థం లేని మాట. ఇంకొకవైపు జూన్ 8 ప్రాంతంలో మిరుగం (మృగశిర కార్తె) వచ్చి నాలుగు చినుకులు పడితే విత్తనాలు, ఎరువులు, దుక్కులు అంటూ ఇల్లంతా పరుగులో పడుతుంది.

ఈ రెండింటి నడుమ, మే నెల సగం దాటాక మొదలుపెట్టి మిరుగం దాకా కొనసాగించడం ఈ ప్రాంతపు ఇళ్ళకు బాగా కుదిరే కాలం. మే 25 నుండి జూన్ 7 వరకు ఉండే రోహిణి కార్తె కూడా అందులోనే వస్తుంది. రోళ్ళు పగిలే ఆ కార్తెలో ఎలాగూ ఎవరూ ఎవరి దగ్గరా వేగం ఆశించరు. ఇంట్లో పెళ్ళి ఉంటే మాత్రం అది అయ్యాకనే మొదలుపెట్టడం మంచిది; కార్డుల ఫొటోలు, వంటవాళ్ళ ఫోన్లు, బంధువుల రాకపోకల నడుమ విరామం ప్రకటిస్తే అది ఇంటిల్లిపాదికీ చిరాకుగా మిగులుతుంది.

రెండవ అడుగు: ఫోనులో పనిని వేరు, కాలక్షేపాన్ని వేరు చేయడం

ఫోనును పూర్తిగా బీరువాలో పెట్టి తాళం వేయడం ఈనాటి ఇంటికి సాధ్యం కాదు. గ్యాస్ బుకింగ్, బ్యాంకు ఓటీపీ, కిరాణా దుకాణంలో చెల్లింపు అన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి. పైగా పాలమూరు నుండి ముంబయికీ, పుణెకూ వలస వెళ్ళినవారి ఇళ్ళలో, గల్ఫ్‌లో కొడుకున్న ఇళ్ళలో సాయంత్రపు వీడియో కాల్ ఒక్కటే మనిషి ముఖం చూసే దారి. దాన్ని తీసేయమని చెప్పేవారు ఆ ఇళ్ళ సంగతి తెలియనివారే. అందుచేత ఒక కాగితం తీసుకొని, ఫోనుతో తప్పనిసరిగా జరిగే పనులను ఒక వైపు, ఊరికే వేలితో తోసుకుంటూ పోయే రీల్స్, షార్ట్స్, ఆటలు, గ్రూపుల సందేశాలను రెండో వైపు రాసుకోవాలి. విరామం రెండో వైపుకే వర్తిస్తుంది.

ఆ తర్వాత సెట్టింగ్స్ పని. ఆండ్రాయిడ్ ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్ అనీ, ఐఫోన్లలో స్క్రీన్ టైమ్ అనీ ఒక విభాగం ఉంటుంది. ఏ యాప్‌లో ఎంతసేపు గడిచిందో అది చూపుతుంది. ప్రారంభానికి వారం ముందు ఇంట్లో ప్రతి ఒక్కరూ తమ లెక్కను చూసుకోవాలి, పిల్లల లెక్క ఒక్కటే బయటపెట్టి పెద్దలు తమది దాచుకోకూడదు. ఎక్కువ సమయం తినే యాప్‌లకు అక్కడే రోజువారీ గడువు పెట్టవచ్చు. తెరను నలుపు తెలుపులోకి మార్చే సౌకర్యం కూడా చాలా ఫోన్లలో ఉంటుంది, రంగులు పోయిన రీల్స్ మీద ఆసక్తి తగ్గడం చాలామంది గమనించిన విషయమే. వాట్సాప్ గ్రూపులను 8 గంటలకో, వారానికో, ఎల్లప్పటికీనో మ్యూట్ చేసుకోవచ్చు. ఈ విరామానికి మూడోదే సరైనది, ఎందుకంటే వారం గడిచాక మళ్ళీ నొక్కడం ఎవరికీ గుర్తుండదు. డునాట్ డిస్టర్బ్ పెట్టి, కన్నవారు, దూరాన ఉన్న పిల్లలు, పొరుగువారు వంటి కొద్దిమంది ఫోన్లు మాత్రమే మోగేలా అనుమతించాలి.

సెట్టింగ్స్ కంటే చార్జర్ ఉండే చోటు ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం. చార్జర్లన్నీ మంచాలు, కూలరు ఉన్న గదిలో నుండి తీసి ముందరి గదిలో ఒకచోట పెట్టాలి. ఫోను అక్కడే ఉంటుంది, మోగితే లేచి వెళ్ళి మాట్లాడతారు. నిలబడి మాట్లాడే మాట పొట్టిగా ఉంటుంది. దీనితో పాటు పది రూపాయలు, ఇరవై రూపాయల నోట్లు ఒక డబ్బాలో ఉంచుకోవాలి, అల్లారం గడియారం ఒకటి కొనుక్కోవాలి. ఈ రెండూ లేకపోతే సమయం చూడటానికనో, పాల డబ్బులకనో ఫోను మళ్ళీ చేతిలోకి వస్తుంది.

ఐపీఎల్ సంగతి ముందే తేల్చుకోవాలి. మార్చి చివరలో మొదలై మే చివరిదాకా సాగే ఆ పోటీలను నిషేధిస్తే సగం ఇల్లు తిరగబడుతుంది. రాత్రి మ్యాచ్‌ను ఇంట్లో అందరూ కలిసి టీవీలో చూడటం, ఫోనులో మాత్రం స్కోర్లు, ముఖ్యాంశాలు చూడకపోవడం అనే ఒప్పందం చాలా ఇళ్ళలో నిలుస్తుంది. రాత్రి సీరియళ్ళకూ ఇదే లెక్క: ఒకటి ఎంచుకొని మిగతావి వదిలేయాలి. ఎవరిది వదలాలన్న తగాదాలో మధ్యవర్తిత్వం ఈ మార్గదర్శి పరిధిలోకి రాదు.

మూడవ అడుగు: పొద్దును ముందుకు జరపడం

ఐదింటికి లేవగలిగితే రోజు సగం గెలిచినట్టే. అప్పటి నుండి తొమ్మిది దాకా ఉన్న చల్లదనంలోనే నడక, కూరగాయలు, మొక్కలకు నీళ్ళు, వంట, బయటి పనులన్నీ ముగించాలి. పిల్లలు ఆడుకోవలసింది కూడా ఈ వేళలోనే. చిర్రగోనె అయినా క్రికెట్ అయినా తొమ్మిదింటికి ఆపించాలి. ఉదయం జొన్న గటక, అంబలి లేదా సల్లలో కలిపిన అన్నం తింటే పొట్ట తేలికగా ఉంటుంది, మధ్యాహ్నందాకా దూప కూడా తక్కువ. లేచిన మొదటి గంటలో ఫోను ముట్టకూడదన్న ఒక్క నియమాన్ని పాటించినవారికి మిగతావి కొంత సులభమవుతాయి.

నాలుగవ అడుగు: మధ్యాహ్నపు ఐదు గంటలు

ముందుగా గదిని సిద్ధం చేయాలి. ఎనిమిదింటికే తూర్పు కిటికీలకు, మధ్యాహ్నం దాటాక పడమటి కిటికీలకు దళసరి పరదాలు వేయాలి. మన దగ్గర మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలరు బాగా పని చేస్తుంది, అయితే చాలా ఇళ్ళలో దాన్ని ఏసీ అనుకొని తలుపులూ కిటికీలూ బిగించి నడుపుతారు. కూలరు నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. ఆ తేమ బయటకు పోయే దారి లేకపోతే అరగంటలో గది ఉక్కగా మారుతుంది. కూలరు వెనుక భాగం బయటి గాలిని తీసుకునేలా కిటికీలో అమర్చి, ఎదురుగా ఉన్న కిటికీనో తలుపునో ఒక బెత్తెడు తెరిచి ఉంచాలి. గడ్డి పాతబడి ఉప్పు పేరుకుంటే మార్చాలి, నీళ్ళను రోజూ మార్చాలి. మంచినీటికి రంజన్‌ను, అంటే మట్టికుండను, ఇసుక మీద కూర్చోబెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టి, ఎండ తగలకుండా గాలి ఆడే చోట ఉంచితే నీరు చల్లబడుతుంది. గాలి ఆడని మూలన పెడితే అంత చల్లబడదు.

వేడికి ఫోను కూడా ఓర్చుకోదన్నది ఇక్కడ గుర్తుచేయదగిన సంగతి. లిథియం బ్యాటరీలకు ఎక్కువ వేడి హానికరం. ఫోను బాగా కాగినప్పుడు అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, కొన్నిసార్లు చార్జింగ్ ఆపేస్తుంది. మధ్యాహ్నం వేళ చార్జింగ్ పెట్టి ఆటలాడే అలవాటును పిల్లలతో మాన్పించడానికి ఇదొక నిజమైన కారణం, వాళ్ళు ఒప్పుకునే కారణం కూడా.

భోజనం తర్వాత అరగంట కునుకు చాలు. గంట దాటితే రాత్రి నిద్ర చెడుతుంది. కునుకు తర్వాత మిగిలే రెండు మూడు గంటలే అసలు పరీక్ష, కనుక ఆ గంటలకు చేతులు ఆడే పని ఒకటి, ఆట ఒకటి, చదువు ఒకటి గదిలో కళ్ళ ముందే పెట్టి ఉంచాలి.

చేతిపనికి ఈ కాలంలో కొదవ లేదు. తొక్కుకు మామిడికాయలు తుడవడం, తడి లేకుండా ఆరబెట్టడం, వెల్లుల్లి పొట్టు తీయడం, ఆవాలు ఎండబెట్టి పొడి చేయడం పిల్లలతో కలిసి చేయదగినవే. కాయ కొట్టే కత్తి పని మాత్రం పెద్దలది. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి ఒరుగులు ఎండబెట్టడానికీ, వడియాలు పెట్టడానికీ ఇంతకంటే మంచి ఎండ దొరకదు. డాబా మీద పరచడం ఉదయం, తీసుకురావడం సాయంత్రం జరగాలి. మధ్యాహ్నం తిరగేయమని పిల్లలను పైకి పంపకూడదు.

ఆటల్లో అష్టాచెమ్మా ముందు నేర్పవలసినది, ఎందుకంటే దానికి కొనవలసింది ఏదీ లేదు. గచ్చు మీద సుద్దముక్కతో అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్ళు గీయాలి. నాలుగు వైపులా అంచుల్లోని నడిమి గడులకూ, నట్టనడుమ గడికీ గుణకం గుర్తు వేయాలి. ఆ గళ్ళలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. నలుగురు ఆటగాళ్ళకు నాలుగేసి కాయలు. చింతగింజలు, గాజుముక్కలు, రాళ్ళు, బొత్తాలు ఇలా ఒక్కొక్కరికి ఒక్కో రకం. నాలుగు గవ్వలు వేసి, ఎన్ని నోరు తెరిచి పడితే అన్ని గడులు జరపాలి. నాలుగూ తెరిచి పడితే చెమ్మా అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్టా అంటే ఎనిమిది. ఈ రెండింటిలో ఏది పడినా మరొకసారి వేసే హక్కు వస్తుంది. గవ్వలు లేకపోతే చింతగింజలను ఒక వైపు అరగదీసి వాడుకోవచ్చు. కాయ వెలుపలి గళ్ళు చుట్టి, లోపలి గళ్ళలోకి తిరిగి, చివరకు నడిమి గడిలో పండుతుంది. ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపకుండా లోపలికి పోకూడదని కొన్ని ఇళ్ళలో నియమం, కొన్ని ఇళ్ళలో అది లేదు. ఆట మొదలయ్యాక కాక ముందే మాట్లాడుకుంటే మంచిది. ఒక ఆట గంటకు తక్కువ పట్టదు. అదే దాని గుణం.

ఓమనగుంటలు, పులిమేక కూడా ఇలాగే ఇంట్లో కూర్చొని ఆడదగినవి. పదేళ్ళు దాటిన పిల్లలకు పులిమేక ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అందులో గవ్వల అదృష్టం లేదు, ఎత్తుకు పైఎత్తు మాత్రమే ఉంది.

ఇక చదువు. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ జిల్లా గ్రంథాలయాలు, పట్టణాల్లో శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. సభ్యత్వానికి కావలసిన కాగితాలు, డిపాజిట్, సెలవు దినం ఒకసారి వెళ్ళి కనుక్కొని, విరామం మొదలయ్యే ముందే పుస్తకాలు తెచ్చుకోవాలి. 1922లోనే నీలగిరి పత్రికను వెలువరించిన ఊరు నల్లగొండ, గోలకొండ పత్రికను 1926లో ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు వారు. ఆ కాలపు మనుషుల జీవితాలను గురించి పిల్లలు ఒక్కటైనా చదవడం బాగుంటుంది. కానీ సెలవుల్లో ఏం చదవాలో మరీ కట్టడి చేయకూడదు, బొమ్మల కథలు చదివినా చదువే.

ఇంట్లో అవ్వ, తాత ఉంటే ఒక నోటుపుస్తకం తెరవండి. ఊరి బావుల పేర్లు, చెలకల పేర్లు, ఏ కరువు ఏటిలో ఎవరు ఎటు పోయారు, ఎవరి అత్తగారిది ఏ ఊరు అన్నవి పిల్లలు అడిగి రాయాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారనీ, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారనీ పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ నీళ్ళు తమ పొలానికి ఎప్పుడు చేరాయో, లేదా ఎందుకు చేరలేదో, తాతగారి నోటనే వినాలి. ముసలివారు ఒకే ముచ్చట మళ్ళీ మళ్ళీ చెబుతారు. చెప్పనివ్వాలి, రెండోసారి చెప్పినప్పుడు కొత్త పేరొకటి బయటపడుతుంది.

ఇవన్నీ అయిపోయాక కూడా పిల్లలు ఏమీ తోచడం లేదంటారు. వెంటనే ఇంకొక ఏర్పాటుతో పరుగెత్తకుండా కొంతసేపు ఊరుకోవడమే మేలు.

ఐదవ అడుగు: సాయంత్రాలు

ఐదింటి తర్వాత ఇల్లు కదలాలి. నల్లగొండ వారికి పానగల్లు దగ్గర ఉంది. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి వెనుక గోడ మీద ఒక స్తంభపు నీడ వంటి నీడ పగలంతా కదలకుండా నిలబడి కనిపిస్తుంది. ఒక్క స్తంభపు నీడ అయితే సూర్యునితో పాటు కదలాలి కదా అని పిల్లలను అడిగి, మండపంలో నిలబడి వెలుగు ఏయే దిక్కుల నుండి వస్తున్నదో వెతకమంటే, పక్కల నుండి వచ్చే వెలుగుకూ స్తంభాల అమరికకూ ఉన్న సంబంధం వాళ్ళే పట్టుకుంటారు. ఇందుకు మాత్రం వెలుగుండగా చేరాలి. ఆ తర్వాత ఉదయసముద్రం కట్ట మీద గాలికి కూర్చోవచ్చు.

మహబూబ్‌నగర్ వారికి పిల్లలమర్రి. 700 ఏళ్ళదని చెప్పే ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మలు విరగడంతో, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందును చుక్కచుక్కగా ఎక్కించారు. దానిని ఇప్పుడు ఎడంగా ఉండి చూడటమే మర్యాద. గద్వాల వైపు వారికి జూరాల, అలంపురం, కొల్లాపూర్ వారికి సోమశిల వద్ద కృష్ణ ఉన్నాయి. బయలుదేరేటప్పుడు ఇంటికంతటికీ ఒక్క ఫోను, అదీ పెద్దవారి సంచిలో, అందరూ కలిసి ఒక్క ఫొటో.

ఈత నేర్చుకునేది కూడా ఈ రోజుల్లోనే. నడుముకు బెండ్లు కట్టి, ఈత బాగా వచ్చిన పెద్దమనిషి నీళ్ళలో పక్కనే ఉండగా, తెలిసిన బావిలో నేర్పాలి. చెరువుల్లో మట్టి తీసిన గుంతలు నీటి కింద కనిపించవు, కృష్ణలో ప్రాజెక్టుల కింద నీరు ఒక్కసారిగా పెరగవచ్చు. పెద్దలు తోడు లేకుండా పిల్లలను, గుంపుగానైనా సరే, పంపడం ఏ వయసులోనూ తగదు.

ఆరవ అడుగు: డాబా మీద రాత్రి

సూర్యాస్తమయం కాగానే డాబా మీద నీళ్ళు చల్లి, స్లాబు వేడి దిగాక, నులక మంచాలు వేసి దోమతెరలు కట్టుకోవాలి. ఫోన్లు కిందే. నిద్రకు ముందు తెర వెలుగు చూస్తే నిద్ర తెచ్చే మెలటోనిన్ స్రావం ఆలస్యమవుతుంది. వేడి రాత్రుల్లో అసలే నిద్ర పలుచన, దానికి ఇది తోడు కావడం ఎందుకు?

తెరకు బదులు చూడటానికి ఆకాశం ఉంది. మే నెల రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వేళ ఉత్తరాన ఎత్తుగా సప్తర్షి మండలం కనిపిస్తుంది. తోకలో నడిమి నక్షత్రం వశిష్ఠుడు, దానికి ఆనుకొని మినుకుమినుకుమనేది అరుంధతి. తోక వంపును అలాగే పొడిగిస్తే ఎర్రటి స్వాతి, ఇంకా పొడిగిస్తే తెల్లటి చిత్త దొరుకుతాయి. ధ్రువ నక్షత్రం మన అక్షాంశమెంతో అంత ఎత్తులో ఉంటుంది, అంటే ఇక్కడ ఉత్తర దిగంతం నుండి దాదాపు 17 డిగ్రీలు. చేయి చాచి పట్టిన పిడికిలి సుమారు 10 డిగ్రీలు కాబట్టి రెండు పిడికిళ్ళకు కొంచెం తక్కువ. రోహిణి నక్షత్రాన్ని చూపించమని పిల్లలు అడగవచ్చు. రోహిణి కార్తె అంటేనే సూర్యుడు రోహిణిలో ఉన్న కాలం కనుక, ఆ నక్షత్రం పగటి వెలుగులో మునిగి ఆ రోజుల్లో కనబడదు, మళ్ళీ చూడాలంటే వర్షాకాలపు తెల్లవారుజాముల దాకా ఆగాలి.

జాగ్రత్తలు, మినహాయింపులు

ఇంటి నుండే కంప్యూటర్ మీద పని చేసేవారు పని గంటలను తప్పించుకోలేరు. వారు ప్రతి 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి. తెర చూసేటప్పుడు రెప్పపాట్లు తగ్గుతాయి, కూలరు గాలి ముఖానికి నేరుగా తగిలితే కళ్ళు ఇంకా పొడిబారతాయి. రెండేళ్ళ లోపు పిల్లలకు బంధువుల వీడియో కాల్ తప్ప తెర వద్దనీ, ఐదేళ్ళ లోపు వారికి రోజుకు గంట మించకూడదనీ పిల్లల వైద్యులు చెప్పేది విరామానికే కాదు, ఏడాది పొడవునా వర్తించేది.

మొదటి మూడు నాలుగు రోజులు చేయి ఊరికే ఫోను కోసం వెతుకుతుంది, పిల్లలు విసుక్కుంటారు, పెద్దలు ఏదో ఒక పని వంకతో ముందరి గదిలోకి వెళ్ళివస్తుంటారు. దానికి శిక్షలు పెట్టకూడదు. ఒకరోజు తప్పితే మరునాడు ఉదయం నుండి మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

వడదెబ్బ విషయంలో మాత్రం ఫోనే మొదటి ఆయుధం. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా, స్పృహ తప్పినా వెంటనే 108కు ఫోన్ చేసి, మనిషిని నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒళ్ళు తుడుస్తూ గాలి విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. మామూలు నీరసానికి ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీటిలో తలగొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా.

చివరి అడుగు: తిరిగి మొదలుపెట్టడం

మిరుగం నాడు అన్నీ ఒక్కసారిగా తెరిస్తే పాత లెక్క వారంలో తిరిగి వస్తుంది. రెండో అడుగులో రాసుకున్న కాగితాన్ని బయటకు తీసి, కాలక్షేపం వైపున్న ప్రతి పేరు ఎదుటా ఈ రోజుల్లో అది లేక ఇబ్బంది పడ్డామా అని అడగాలి. పడని యాప్‌ను తీసేయవచ్చు, పడినదానికి గడువు కొనసాగించవచ్చు. గ్రూపుల్లో బడిది, వాడకట్టుది, పంట సమాచారానిది మాత్రమే మ్యూట్ తీయాలి. చార్జర్లు ముందరి గదిలోనే ఉండాలి. అష్టాచెమ్మా గళ్ళను సుద్దతో కాక రంగుతో వేసుకుంటే వానాకాలం ఆదివారాల్లో కరెంటు పోయినప్పుడు వెంటనే కూర్చోవచ్చు.